కాయలో ఎంతుందో ల్యాబ్‌కు ఎట్లా తెలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే. మిర్చి, పసుపు, వంకాయ, పుంటికూర (గోంగూర)... పంట ఏదైనా అందరూ అడుగుతున్నది రిపోర్టులో ఉన్న అంకెను నమ్మొచ్చా అని. అందుకే వాటన్నిటినీ ఒకేచోట పెట్టాను. జవాబులు కొన్ని పొడుగ్గా వచ్చాయి, ఓపికగా చదవండి.

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. చపాట మిర్చి వేసిన. ఒకే కల్లంలోని కాయను రెండు ల్యాబ్‌లకు పంపితే, కారం విషయంలో ఒకరి అంకెకు ఇంకొకరి అంకెకు పొంతన లేదు. ఒకరు శాతంలో రాసిన్రు, ఇంకొకరు ఎస్‌హెచ్‌యూలో (స్కోవిల్ హీట్ యూనిట్లు అనే కారం కొలతలో) రాసిన్రు. కొనేటాయన మాకు నష్టమయ్యే అంకెనే పట్టుకొని మాట్లాడుతున్నడు. ఎవరిది నిజం?

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చు. కల్లం ఒకటే అయినా రెండు ల్యాబ్‌ల చేతికి వెళ్లిన కాయలు వేర్వేరు, తేడా సగం అక్కడే మొదలవుతుంది.

కారం గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్, దాని చుట్టాలైన డైహైడ్రోక్యాప్సైసిన్ లాంటివి తయారయ్యేది గింజలు అతుక్కుని ఉండే తెల్లటి భాగంలో. పక్కనే ఉంటుంది కాబట్టి గింజకు అంటుతుంది, అంతే. ఇప్పుడు బస్తాను ఊహించుకోండి. ఎండిన కాయ పగిలితే గింజలన్నీ అడుక్కు జారిపోతాయి, పైన తోలు మిగులుతుంది. పైనుంచి గుప్పెడు తీసి ఒక ల్యాబ్‌కు, అడుగు నుంచి గుప్పెడు తీసి ఇంకో ల్యాబ్‌కు ఇస్తే మీరు రెండు వేర్వేరు సరుకులు పంపినట్టే. దాంట్లో తాలు కాయ ఎంత కలిసింది, తొడిమ తీసి పొడి చేశారా తీయకుండా చేశారా అనేదానితో కూడా అంకె మారుతుంది.

అందుకని ఈసారి ఇట్లా చేయండి. నాలుగైదు బస్తాల్లో పైన, నడుమ, అడుగున కాయ తీసి ఒకచోట కుప్ప పోయండి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగిలినవి పక్కన పెట్టండి, కిలో మిగిలేదాకా అదే పని చేయండి. ఆ కిలోను తొడిమలు తీసి మొత్తం పొడి కొట్టించండి. జల్లెడలో మిగిలిన తోలు ముక్కలు పారేయొద్దు, మళ్లీ కొట్టించి అందులోనే కలపాలి. బాగా కలిపిన ఆ ఒక్క పొడినే రెండు పొట్లాలు చేసి, గాలి తగలకుండా మూసి రెండు ల్యాబ్‌లకు పంపండి. ఈసారి అంకెలు దగ్గరికొస్తే గొడవంతా శాంపిల్‌ది. అప్పుడు కూడా దూరంగానే ఉంటే ల్యాబ్‌లను నిలదీసే హక్కు మీకుంటుంది.

తర్వాతిది తేమ. ఒకే పొడిని ఒక ల్యాబ్ 10 శాతం తేమ ఉన్నప్పుడు కొలిచి 0.30 శాతం అని రాసిందనుకుందాం. అదే పొడి వానాకాలంలో తేమ పీల్చి 14 శాతానికి వస్తే అంకె 0.287కు దిగుతుంది. కారం ఎక్కడికీ పోలేదు, నీళ్ల బరువు పెరిగిందంతే. అందుకే తేమ తీసేసి లెక్కగట్టిన అంకె అడగాలి. అట్లయితే రెండు సందర్భాల్లోనూ 0.333 అనే వస్తుంది.

ఇక ల్యాబ్ లోపలి సంగతి. పొడిని తూచి ఇథనాల్ లాంటి ద్రావకంలో కొన్ని గంటలు వేడి చేస్తారు, కారం ద్రావకంలోకి దిగాలి. తొందరపడి అరగంటలో ముగిస్తే కొంత కారం పిప్పిలోనే ఉండిపోతుంది, ఆ పిప్పిలో మిగిలినదాన్ని ఎంత ఖరీదైన మెషీన్ కూడా చూడలేదు. తర్వాత ఆ రసాన్ని వడగట్టి హెచ్‌పీఎల్‌సీ అనే పరికరంలోకి ఎక్కిస్తారు. అందులో పాతిక సెంటీమీటర్ల పొడవున్న స్టీలు గొట్టం ఉంటుంది, లోపలి సందు అర సెంటీమీటరు కూడా ఉండదు. అందులో మిల్లీమీటరులో 200వ వంతు సైజుండే సిలికా రేణువులు బిగించి ఉంటాయి, వాటి పైన నూనె గుణం ఉన్న పూత ఉంటుంది. పంపు వందల రెట్ల వాతావరణ పీడనంతో ద్రావకాన్ని తోస్తుంటే, రసంలోని పదార్థాలన్నీ ఒకేసారి బయలుదేరతాయి కానీ ఒకేసారి బయటికి రావు. మేడారం జాతర తొవ్వ గుర్తు చేసుకోండి. అందరూ కలిసే బస్సు దిగుతారు, బెల్లం దుకాణం దగ్గర, గాజుల దుకాణం దగ్గర ఆగే అలవాటున్నవాళ్లు వెనకబడతారు, ఎక్కడా ఆగనివాళ్లు ముందు గద్దె దగ్గరికి చేరతారు. నూనెతో పొత్తు ఎక్కువున్న పదార్థం ఆ పూతను పట్టుకుని ఆగుతూ వస్తుంది. అందుకే క్యాప్సైసిన్ ముందు, డైహైడ్రోక్యాప్సైసిన్ తర్వాత బయటపడతాయి. గొట్టం చివర 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వెలుగుతుంటుంది. పదార్థం దాని ముందు నుంచి పోయేటప్పుడు కాంతి తగ్గుతుంది, తెర మీద గీత కొండలా లేస్తుంది. ఆ కొండ వైశాల్యమే లెక్క.

ఆ వైశాల్యానికి తనంతట తానుగా అర్థం లేదు. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ కొని, తెలిసిన మోతాదుల్లో అదే గొట్టంలోకి ఎక్కించి, ఎంత మోతాదుకు ఎంత కొండ లేస్తుందో గీత గీసుకుంటేనే మీ కాయ అంకె తేలుతుంది. ఆ స్టాండర్డ్ పాతబడినా, దాన్ని తూచిన తరాజు సరిగ్గా లేకపోయినా ఆ రోజు వచ్చిన రిపోర్టులన్నీ ఒకేవైపు జరిగిపోతాయి.

శాతం, ఎస్‌హెచ్‌యూ గొడవ సులువు. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసీ నిపుణుడు మిర్చి రసాన్ని చక్కెర నీళ్లలో పలుచన చేసుకుంటూ పోయి, కొందరితో రుచి చూపించి, నాలుకకు కారం తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలుచన చేయాల్సి వచ్చిందో దాన్నే కొలతగా పెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీ అంకెనే ఎస్‌హెచ్‌యూలోకి మారుస్తారు. పది లక్షల భాగాల్లో ఒక భాగం క్యాప్సైసిన్ ఉంటే సుమారు 16 ఎస్‌హెచ్‌యూ. అంటే 0.1 శాతం ఉంటే 16,000. మీ దగ్గరున్న రెండు అంకెలనూ ముందు ఒకే కొలతలోకి తెచ్చుకుని అప్పుడు పోల్చండి.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. చపాటకు ధర తెచ్చేది తక్కువ కారం, ముదురు ఎరుపు. 2025లో వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు ఇంకా విలువైంది. మరి రంగు అంకె గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు! రంగును ఆస్టా యూనిట్లలో కొలుస్తారు. పొడిని అసిటోన్‌లో నానబెట్టి 460 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని పీలుస్తుందో చూస్తారు. ఇందులో వేరు చేయడం ఉండదు, మొత్తం రంగు కలిపి ఒకటే అంకె. ఎండలో, వేడిలో, వెలుతురులో ఈ రంగు కరిగిపోతుంది, కారం అంత తొందరగా పోదు. కాబట్టి కల్లం నుంచి తెచ్చిన నాటి రిపోర్టు, నెలల తర్వాత షెడ్డులో నుంచి తీసిన నాటి రిపోర్టు పక్కపక్కన పెట్టి ల్యాబ్‌ను తిట్టడం న్యాయం కాదు. ఏనుమాముల మార్కెట్‌లో జెండా పాట వేళ కాయను చేత్తో పట్టుకుని చూసేవాళ్ల కళ్లు రంగును బాగానే పసిగడతాయి, నాకు దాని మీద చాలా గౌరవం ఉంది. కానీ కృత్రిమ సుడాన్ రంగు కలిపిన పొడిని కన్ను పట్టలేదు, ఆస్టా పరీక్ష కూడా అదీ రంగే కదా అని లెక్కలో కలిపేసుకుంటుంది. అక్కడ హెచ్‌పీఎల్‌సీనే దిక్కు. 2003లో మన దేశపు కారప్పొడిలో సుడాన్-1 దొరికిందని ఐరోపా దేశాలు ప్రతి సరుకుకూ పరీక్ష పత్రం అడగడం మొదలుపెట్టాయి. కల్తీ చేసినోడు ఎవరో, ఆ భారం మాత్రం అందరి మీదా పడింది.

ప్రశ్న: సార్, హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం వంకాయలో క్లోరోజెనిక్ ఆమ్లం కొలుస్తున్నాను. ఒకే కాయ మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వస్తోంది. పైగా పీక్ (తెర మీద లేచే కొండ) వచ్చే టైమ్ కూడా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వైవా దగ్గర పడుతుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకు తమ్ముడూ, నీ కష్టం రెండు వేర్వేరు జబ్బులు, రెండిటికీ మందుంది.

మొదటిది కత్తి దగ్గరే ఉంది. వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడుతుంది కదా, అమ్మ వెంటనే ఉప్పు నీళ్లలో వేస్తుంది. ఆ నల్లబడటమే నీ క్లోరోజెనిక్ ఆమ్లం ఖర్చయిపోవడం. కాయ తెగగానే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాని మీద పడుతుంది. నువ్వు ముక్కలు కోసి, తూచి, ఫోన్ చూసి, మిక్సీ పట్టేలోపు కొంత పోతుంది, ఎంత పోతుందనేది నువ్వెంత ఆలస్యం చేశావన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే మూడుసార్లు మూడు అంకెలు. కోసిన ముక్కను తూచిన మరుక్షణం కొంచెం ఆమ్లం కలిపిన, నీళ్ల పాళ్లు తక్కువున్న వేడి మెథనాల్‌లో పడేయి, వేడికి, మెథనాల్‌కు ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. డిపార్ట్‌మెంట్‌లో ద్రవ నైట్రోజన్ దొరికితే ఇంకా మంచిది, అందులో గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రై చేసి, పొడి చేసుకో. తొక్క తీశావా లేదా, కాయలో ఏ భాగం తీసుకున్నావు అనేది రాసిపెట్టుకో. ఒక్క కాయతో చేయకు, నాలుగైదు కాయల ముక్కలు కలుపు.

రెండోది టైమ్ జరగడం. పొద్దున ల్యాబ్ చల్లగా, మధ్యాహ్నం కొలిమిలా ఉంటే కాలమ్ (పైన చెప్పిన స్టీలు గొట్టం) కూడా అట్లాగే ఉంటుంది. వేడెక్కితే పూత మీద పదార్థాల పట్టు తగ్గి అవి తొందరగా వచ్చేస్తాయి. కాలమ్ ఓవెన్ 30 డిగ్రీలకు పెట్టానని నువ్వనొచ్చు, కానీ చాలా ఓవెన్లు వేడి చేయగలవు గానీ చల్లబరచలేవు, మే నెలలో మన గదే 36 ఉంటే ఓవెన్ 30 ఎట్లా చూపిస్తుంది? 40కి పెట్టు, రోజంతా కదలదు. రెండో అనుమానం మొబైల్ ఫేజ్ మీద, అంటే పంపు తోసే ద్రావకం మీద. క్లోరోజెనిక్ ఆమ్లం పేరుకు తగ్గట్టే ఆమ్లం, ద్రావకంలో ఆమ్లం పాళ్లు కొంచెం మారినా దాని నడక మారిపోతుంది. ఫార్మిక్ ఆమ్లం చుక్కల లెక్కన పోయకు, పిపెట్‌తో కొలిచి ఒకేసారి పెద్ద సీసా నింపుకో, మూత బిగించు, అసిటోనైట్రైల్ ఎండాకాలం ఆవిరై నిష్పత్తి మారుస్తుంది. గ్రేడియంట్ (ద్రావకాల పాళ్లు మార్చుకుంటూ పోవడం) నడిపిస్తుంటే రెండు ఇంజెక్షన్ల మధ్య కాలమ్ కుదుటపడే టైమ్ ఇవ్వు. శాంపిల్ 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టకుండా ఎక్కించి ఉంటే కాలమ్ మూతికి పిప్పి పట్టి ఉంటుంది, పీడనం పెరుగుతోందేమో చూసుకో.

ఈ రెండూ సరిచేశాక వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ పీక్ క్లోరోజెనిక్ ఆమ్లమేనని నీకెట్లా తెలుసు? స్టాండర్డ్ టైమ్‌కే వచ్చింది అంటే చాలదు. వంకాయలో దాన్ని పోలిన ఐసోమర్లు (అవే అణువులు, అమరిక వేరు) ఉంటాయి, రెండు పదార్థాలు ఒకే టైమ్‌కు రావొచ్చు. నీ శాంపిల్‌లోనే కొంచెం స్టాండర్డ్ కలిపి ఎక్కించు. ఉన్న పీకే పెరగాలి, పక్కన భుజం లేవకూడదు. డయోడ్ అర్రే డిటెక్టర్ (ఒకేసారి చాలా తరంగదైర్ఘ్యాల్లో కాంతిని కొలిచేది) ఉంటే పీక్ మొదట్లో, శిఖరం దగ్గర, చివర్లో స్పెక్ట్రమ్ తీసి చూడు, మూడూ ఒకేలా ఉండి 325 నానోమీటర్ల దగ్గర గరిష్ఠం చూపిస్తే ధైర్యంగా చెప్పు. అట్లాగే శాంపిల్ తీసే మొదట్లోనే తెలిసిన మోతాదు కలిపి చివరికి ఎంత తిరిగొచ్చిందో లెక్కగట్టు. 100 కలిపితే 70 వచ్చిందంటే మిగతా 30 నీ పద్ధతి మింగేసింది. నా దృష్టిలో ఈ ఒక్క పరీక్ష లేని ప్రాజెక్టు సగం ప్రాజెక్టే.

ప్రశ్న: మెట్‌పల్లి నుంచి రాస్తున్నా. పసుపులో కర్క్యుమిన్ పరీక్షకు ఒక ల్యాబ్ తక్కువ ఫీజు అడుగుతోంది, ఇంకోటి చాలా ఎక్కువ. ఏది చేయించాలి?

జవాబు: తక్కువ ఫీజుది బహుశా స్పెక్ట్రోఫోటోమీటర్ పరీక్ష. పసుపు పచ్చదనానికి కారణమైన పదార్థాలు మూడున్నాయి. కర్క్యుమిన్, డీమెథాక్సీకర్క్యుమిన్, బిస్‌డీమెథాక్సీకర్క్యుమిన్. మూడూ 425 నానోమీటర్ల చుట్టుపక్కలే కాంతిని పీలుస్తాయి, కాబట్టి ఆ పరికరం మూడిటినీ కలిపి ఒక మొత్తం చెప్తుంది. ఎక్కువ ఫీజుది హెచ్‌పీఎల్‌సీ, అది మూడిటినీ విడదీసి విడివిడిగా రాస్తుంది. అందుకే రెండో రిపోర్టులో ‘కర్క్యుమిన్’ అని ఉన్న అంకె మొదటిదానికంటే తక్కువ కనిపిస్తుంది, చూసి కంగారు పడొద్దు, మూడూ కూడితే దగ్గరికొస్తాయి. కొనేవాళ్లు మొత్తం అడుగుతున్నారా, ఒక్క కర్క్యుమినే అడుగుతున్నారా ముందు తెలుసుకోండి. సొంతంగా రకాలు పోల్చుకోవడానికి, ఉడకబెట్టే పద్ధతి మార్చితే ఏమైందో చూడటానికి చవక పరీక్ష చాలు. మందుల కంపెనీకో ఎగుమతికో ఇచ్చేటప్పుడు హెచ్‌పీఎల్‌సీ పెట్టుబడే. కాడి (కొమ్ము), గోళ (గుండ్రటి దుంప) కలిపి పంపకండి, విడివిడిగా పంపండి. ఏ పరీక్ష చేయించాలో ఇంకా అనుమానముంటే కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రంలో అడగండి. 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్ కేంద్రంగానే ఉంది.

ప్రశ్న: మా ఆయనకు కిడ్నీలో రాళ్లు. డాక్టర్ పాలకూర తగ్గించమన్నారు. మా ఇంట్లో పుంటికూర, చుక్కకూర లేనిదే వారం గడవదు. పులుపున్నవన్నీ మానేయాలా? – కరీంనగర్ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, కిడ్నీ రాళ్లలో చాలావాటికి కారణం ఆక్సాలేట్ అనే పదార్థం, అది ఎంతుందో పులుపును బట్టి చెప్పలేం. పాలకూర పుల్లగా ఉండదు, అయినా 100 గ్రాములకు వందల మిల్లీగ్రాముల ఆక్సాలేట్ ఉంటుంది. చుక్కకూర పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం వాటా పెద్దది. పుంటికూరలో దానితోపాటు మాలిక్, సిట్రిక్ ఆమ్లాలు కూడా ఉంటాయి. మామూలుగా క్షారం చుక్కలు వేసి పులుపు కొలిచే పరీక్షలో ఇవన్నీ కలిసిపోతాయి. ఏ ఆమ్లం ఎంతో చెప్పాలంటే హెచ్‌పీఎల్‌సీ గొట్టంలో విడదీయాల్సిందే.

ల్యాబ్ వాళ్లు ఆక్సాలేట్‌ను రెండు రకాలుగా తీస్తారు. ఆకును నీళ్లలో మరిగిస్తే కరిగే ఆక్సాలేట్ వస్తుంది, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తీస్తే మొత్తం వస్తుంది. రెండిటి తేడా కాల్షియంతో ముందే బిగిసిపోయిన భాగం, అది ఒంటికి పెద్దగా పట్టదు. మీకు పనికొచ్చేది ఇందులోనే ఉంది. కరిగేది నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆకును ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. పప్పులో వేసి ఆ నీళ్లతోనే వండితే ఏమీ తగ్గదు. పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం పేగులోనే కొంత ఆక్సాలేట్‌ను పట్టేస్తుంది. అయితే రాయి ఏ రకమో తెలియకుండా నేను ఎంత తినాలో చెప్పకూడదు. రాయి పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం తీసుకెళ్లి చుక్కకూర, పుంటికూర పేర్లు చెప్పి మరీ మీ డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: జనగామ జిల్లాలో జడ్పీ హైస్కూల్ టీచర్‌ను. పిల్లలకు ఈ వేరు చేయడం అనేది కళ్లతో చూపించాలని ఉంది. ల్యాబ్‌లో బీకరు, ఫిల్టర్ పేపర్ తప్ప ఏమీ లేవు.

జవాబు: మేడమ్, పరికరాలు అవి చాలు, అసిటోన్, పెట్రోలియం ఈథర్ మాత్రం తెప్పించుకోండి. 1903లో రష్యా వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ వార్సాలో ఈ పద్ధతిని తొలిసారి వివరించినప్పుడు ఆయన దగ్గరున్నది గాజు గొట్టం, అందులో కూరిన సుద్దపొడి, ఆకురసమే. పాలకూరను కొంచెం అసిటోన్‌తో నూరి, చిక్కటి పసరును ఫిల్టర్ పేపర్ పట్టీ మీద అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో సన్నటి గీతగా పెట్టండి. ఆరనిచ్చి మళ్లీ అదే గీత మీద పెట్టండి, ఐదారుసార్లు. బీకరులో తొమ్మిది పాళ్లు పెట్రోలియం ఈథర్, ఒక పాలు అసిటోన్ అర సెంటీమీటరు ఎత్తుకు పోసి పట్టీని నిలబెట్టండి. గీత ద్రావకంలో మునగకూడదు. పైన మూత వేయండి. పది నిమిషాల్లో పైన నారింజ పసుపు కెరోటీన్, కింద పసుపు జాంతోఫిల్లు, ఇంకా కింద నీలి ఆకుపచ్చ క్లోరోఫిల్-ఎ, అన్నిటికన్నా కింద పసుపు ఆకుపచ్చ క్లోరోఫిల్-బి విడిపోతాయి. ఒక్క పచ్చరంగులో ఇన్ని దాగి ఉన్నాయా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ తర్వాత ఎర్ర తోటకూరతో కూడా చేయించండి. దాని ఎరుపు నీళ్లలో కరిగేది, ఈ ద్రావకంలో కదలదు, ఎందుకని వాళ్లనే ఆలోచించనివ్వండి. అసిటోన్, పెట్రోలియం ఈథర్ రెండూ భగ్గున అంటుకునే ద్రావకాలు. మధ్యాహ్న భోజనం పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచిన గదిలో, పోసే పని మీరే చేయండి.

ప్రశ్న: పెరట్లో కాసిన సొరకాయ చేదుగా ఉంది. ల్యాబ్‌కు పంపాలా? – జమ్మికుంట

జవాబు: వద్దు, పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్లది, అవి విషం, వండినా పోవు. కాకరకాయ చేదుతో దీన్ని పోల్చి తినేయొద్దు, అందులో ఉన్న పదార్థాలు వేరు. సొరకాయ కోసినప్పుడల్లా చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పడేయండి, ముఖ్యంగా పచ్చి రసం తాగే అలవాటున్నవాళ్లు. ఇప్పటికే ఎవరైనా తిని వాంతులు, విరేచనాలు మొదలైతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, చేదు సొరకాయ తిన్నారన్న మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.